రెండు బళ్లకీ పట్టిన చక్రం మూత

చిట్టితల్లికి నాన్న దీవెనలు. క్షేమంగా చేరాను.

మన టాక్సీకి వెనక బ్రేకుల కోసం పాత సామాన్ల కొట్టుకి వెళ్లాను. అచ్చం మన బండిలాంటివే రెండున్నాయి. ఒకదాని మీద ఫియట్ అని, ఇంకోదాని మీద లాడా అని ఉంది. నాకేమీ పాలుపోలేదు. కొట్టతను నవ్వాడు.

"రెండూ ఇటలీ అక్కచెల్లెళ్లే పెద్దాయనా! లాడాని రష్యావాళ్లు ఫియట్ దగ్గర అనుమతి పుచ్చుకుని తయారు చేశారు. ముఖాలొకటే, ఇంటిపేర్లూ బ్రేకులూ వేరు. మీది ఏ ఇంటి కోడలు?"

రంగేసినప్పుడు మన బండి పేరు ఊడిపోయింది కదా. నమూనాకని నేను తెచ్చిన చక్రం మూత రెండింటికీ పట్టింది!

వెనక చక్రం విప్పించి, లోపల పళ్లెంలాంటిది ఉందో డబ్బాలాంటిది ఉందో చూసి రాయి; పళ్లెమైతే ఫియట్, డబ్బా అయితే లాడా అట. పాప దగ్గు తగ్గిందా?

బండి తాళంచెవి వెతకొద్దు, నా దగ్గరుంది. బ్రేకుల్లేకుండా అల్లుడుగారు బయల్దేరతారేమోనని జేబులో వేసుకొచ్చాను. కోపగించుకోవద్దని చెప్పు.