దీపం ఆరకముందే రండి

వర్క్‌షాప్ మేనేజరుగారికి,

మళ్ళీ నేనే. ఇంజను బాగా వేడెక్కాకే మా కారులో గేరు హెచ్చరిక దీపం వెలుగుతుందనీ, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోతుందనీ వచ్చిన ప్రతిసారీ మొత్తుకున్నాను. మీవాళ్ళు చేసేదేమిటి? రాగానే ఇంజను ఆపేస్తారు. బండి కడుగుతారు. అంతా చల్లారాక ఒక చుట్టు తిప్పి తెస్తారు. అప్పుడు మీరొచ్చి, "ఏమీ లేదమ్మా, ఆటోమేటిక్ మీకు కొత్త కదా" అని నవ్వుతారు. ఆ వెకిలి నవ్వు తలచుకుంటేనే ఒళ్ళు కంపరమెత్తుతోంది. కారు కడగడం చేతకాక మీ దగ్గరికి వస్తున్నాననుకున్నారా?

నిన్న కూడలి మధ్యలో గేరు వదిలేసింది. ఎదురుగా లారీ, పక్కన మా అత్తగారు. ఆవిడ అరవలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఇవాళ మీ గేటులోకి తిరుగుతుండగా దీపం వెలిగింది, కారు అక్కడే అడ్డంగా ఆగిపోయింది. ఇక ఏ బండీ లోపలికి రాదు, బయటికి పోదు. మీరు భోజనంలో ఉన్నారన్నారు, అందుకే ఈ కాగితం పంపుతున్నాను. ఇంజను మాత్రం ఆపలేదు. స్టీరింగు ముందు మా అత్తగారిని కూర్చోబెట్టాను. తాళం మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు.

ఆ నవ్వేదో వచ్చి ఆవిడ ముందు నవ్వండి, చూద్దాం.