దాపట మోటారు

జనగామ,
4 అక్టోబర్ 2011

అమర్‌సింగ్,

ఫోన్ చేస్తే ఎత్తవని తెలుసు. ఎత్తినా నాకు నోరు రాదని ఇంకా బాగా తెలుసు. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మెలో కాలేజీ బంద్, మా బాపు ఇనుప సామాన్ల దుకాణం బంద్, బస్సులూ బంద్. భూపాలపల్లికి బైకు మీద వస్తున్న మీ చాంద్యా మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చింపేయాలనిపిస్తే చదివాక చింపు.

రోబోల పోటీలో ప్రతి జట్టు రోబో తమ ఊరిని గుర్తుచేసే రూపంలో ఉండాలని నిర్వాహకులు షరతు పెడితే, ఎడ్ల జత చేద్దామన్నది నువ్వే. ఇనుప గొట్టాలు గ్యాస్ మంటకు వంచి కొమ్ములు చేశావు. అవతలి రోబో కిందికి వాటిని దూర్చి, ఎత్తి బరిలోని గుంతలో పడేయాలి. మీ అమ్మ సక్రి ఇచ్చిన అద్దాల గుడ్డను మూపు మీద కప్పాం. రెండు చక్రాలకు రెండు మోటార్లు. ఎడమదాని తీగకు ‘దాపట’ అనీ, కుడిదానికి ‘ఎలపట’ అనీ తెల్ల టేపు మీద రాశావు. తండాలో మీ భాష వేరైనా, నాగలి దగ్గర మాత్రం మీ నాయిన ఎడ్లను తెలుగులోనే పిలుస్తాడని చెప్పావు. దుకాణంలో పెరిగిన నేను ఆ రెండు మాటలూ నీ దగ్గరే విన్నాను. నేర్చుకున్నానని కూడా అనుకున్నాను.

ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో ఫైనల్ రోజు, మనకన్నా ముందు వరంగల్ జట్టువాడు మైకులో మాట్లాడుతుంటే వెనక కుర్చీల్లో ఎవరో “సినిమాలో రౌడీ మాట్లాడినట్టుంది” అని పగలబడి నవ్వారు. మనల్ని చూసినా అలాగే నవ్వుతారని భయపడ్డాను. కాసేపట్లో జడ్జీలు మన రోబో మూత తీసి చూస్తారు. నువ్వు బ్యాటరీ తేవడానికి వెళ్లావు. కాలిపోయిన బోర్డు మార్చడానికి తీగలు విప్పి ఉన్నాయి. నీ టేపులు పీకేసి, ఇంగ్లీషులో ఎల్ అనీ ఆర్ అనీ రాసి అంటించాను. ఎలపటలో ‘ఎల్’ వినపడుతోంది కదా, ఎడమ అదేననుకున్నాను. ఆ రాత ప్రకారమే తీగలు బిగించాను.

గుంత అంచున నువ్వు ఎడమకు తిప్పితే, అది కుడికి తిరిగి గుంతలో పడింది. “ఎడమ కుడి తెల్వనోనికి రిమోట్ ఎవడిచ్చిండు రా?” అన్నాడు మన లీడర్ వరుణ్. జట్టంతా నవ్వింది. నువ్వు నావైపు చూశావు. నేను వంగి బూటు లేసులు కట్టుకుంటున్నాను. నెల తిరక్కుండా నువ్వు కాలేజీ మానేశావు.

నిన్న చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు నిరసన. మైకు నా చేతికిచ్చారు. “మన మాటను ఎక్కిరిస్తే ఊకుందమా?” అని అరిచాను. “ఊకోం!” అన్నారందరూ. అప్పుడు నీ టేపులు గుర్తొచ్చాయి. నీ మాటను పీకి చెత్తబుట్టలో వేసినవాణ్ణి నేనే కదా! మైకు ఇచ్చేసి ఇంటికొచ్చి, వరుణ్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

సమ్మె అయ్యాక కాలేజీకి రా, అమర్. నీ సీటు కోసం ప్రిన్సిపాల్ కాళ్లయినా పట్టుకుంటాను.

నీకు మొహం చూపించలేని
రమాకాంత్


భూపాలపల్లి,
9 అక్టోబర్ 2011

రమాకాంత్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. “ఏంది రా, గంతసేపు సదువుతున్నవ్? జర అన్నం తిను” అన్నాడు చాంద్యా మామ. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

ఆ సంగతి నాకు తెలుసు. బ్యాటరీ పెట్టేటప్పుడే చూశాను. తీగలు నేను లాగినవే కాబట్టి తారుమారయ్యాయని చూడగానే అర్థమైంది. నా రాత పీకేశావని కూడా అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట చెబితే అప్పుడే సరిచేసేవాడివి. నేను చెప్పలేదు. తిరగేసి నడపడం నాకో లెక్కా అనుకున్నాను. గెలిచాక కప్పు పట్టుకుని, అందరి ముందు “మా సావుకారి పోరనికి దాపటేదో ఎలపటేదో ఎరుక లేదు” అని నీ పరువు తీద్దామనుకున్నాను. గుంత దగ్గరికి రాగానే చేయి పాత అలవాటు మీద పోయింది.

వరుణ్ మాటకు నేను కాలేజీ మానలేదు రా. అలాంటివి చాలా విన్నాను. నిన్ను నవ్వులపాలు చేయాలని ఆరు నెలల మన కష్టాన్ని గుంతలో పడేశాను. అది తెలిసి నీ పక్క బెంచీలో కూర్చోలేకపోయాను. ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటూ గడిపాను, అది సులువు కాబట్టి.

సీటు సంగతి మరిచిపో. టీసీ తెచ్చుకుని, ఇక్కడ మోటార్లకు వైండింగ్ చేసే షాపులో చేరాను. పని బాగానే వస్తోంది. సాయంత్రం కాలేజీ పిల్లలు బ్యాగులు వేసుకుని షాపు ముందు నుంచి పోతుంటే మాత్రం తల ఎత్తను.

బస్సులు నడవగానే జనగామకు వస్తాను. వరుణ్‌ను కూడా పిలువు. నువ్వు వాడికి చెప్పింది సగమే. మిగతా సగం నేనొచ్చి చెప్పేదాకా ఒక్కడివే తిట్లు తినకు.

అమర్‌సింగ్