చివరి బంతి నాది

4 ఫిబ్రవరి 2007, ఆదివారం

చివరి బంతి నీకే ఇస్తాన్రా ఈశ్వరా అన్నాడు జనార్ధనరావు. 1961 డిసెంబరు, వాల్తేరు, యూనివర్సిటీ హాస్టల్ వరండా. మర్నాడు కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనల్, ఇద్దరం కాకినాడ కాలేజీకి ఆడుతున్నాం. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. మర్నాడు ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బుట్ట కింద నేనొక్కణ్ణే. చుట్టుపక్కల ఎవడూ లేడు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. జనార్ధనరావు నా వైపు చూశాడు. చూసి, తనే వేశాడు, సగం కోర్టు అవతలి నుంచి. బంతి రింగుకి తగిలి జనంలోకి పోయింది. తిరుగు రైల్లో ఎవరమూ ఏమీ తినలేదు. అతను మాత్రం సామర్లకోటలో దిగి ఇడ్లీ తిన్నాడు.

నలభై ఐదేళ్ళ నాటి సంగతి ఇవాళ ఈ పరాయి దేశంలో, కూతురుండే టకానినిలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, అల్లుడి టీమ్ వల్ల. సాయినాథ్ పగలు కంప్యూటర్లు చూస్తాడు. గురువారం సాయంత్రాలు పక్క ఊరు పాపకూర లీగ్‌లో బాస్కెట్‌బాల్ ఆడతాడు. సోషల్ లీగ్, ఆడా మగా కలిసి ఆడొచ్చు. పోయిన చలికాలం వీళ్ళు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఉన్న ఒక్క పొడుగువాడు వెంకటస్వామి గత నెల బ్రిస్బేన్ వెళ్ళిపోయాడు. ఈ దేశంలో కాస్త పనికొచ్చే ప్రతివాడూ చివరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోతాడు. వాడి బదులు సిటీలో చదువుకునే రోహిత్ అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. ఇవాళ భోజనానికి వచ్చాడు. గుత్తొంకాయ కూర మూడోసారి వేయించుకుంటూ, మా తాతయ్య కూడా కాకినాడ కాలేజీకి ఆడారండి, జనార్ధనరావుగారని, మీకేమైనా తెలుసా అంకుల్ అన్నాడు.

నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇన్ని దేశాలున్నాయి, ఇన్ని ఊళ్ళున్నాయి. తెలుసు అన్నాను.

6 ఫిబ్రవరి, మంగళవారం

ఇవాళ వైటాంగి డే, ఈ దేశపు జాతీయ దినం, సెలవు. స్కూల్ వెనక కోర్టులో ప్రాక్టీస్. మడత కుర్చీ వేసుకుని చూశాను.

పక్కింటి గిరిజ కూతురు శ్రీజ కూడా ఈ ఏడాది టీమ్‌లో చేరింది. పదిహేడేళ్ళు, స్కూల్ టీమ్‌లో ఆడుతుంది. ముప్ఫై దాటిన మగవాళ్ళందరికంటే బాగా ఆడుతుంది. ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి దొరికిన ప్రతివాణ్ణీ అంకుల్ అంటుంది. ఇరవైమూడేళ్ళ రోహిత్‌ని కూడా అంది. వాడికి మండింది. ఇది ఆడపిల్లలాడే నెట్‌బాల్ కాదమ్మా, కొంచెం పక్కకి జరుగు అన్నాడు. ఆ పిల్ల ఇంగ్లీషులో, మీరు ఇందాకటి నుంచి పది వేశారు, ఒక్కటీ పడలేదు అంకుల్, ఇది బాస్కెట్‌బాల్ కూడా కాదు అంది. టీమ్‌లో కొత్తగా చేరిన ఎదురింటి టోంగా దీవుల కుర్రాడు టెవిటా నేలమీద కూర్చుని నవ్వాడు. ఆరున్నర అడుగుల మనిషి అలా నవ్వితే నేల కూడా నవ్వుతుంది.

రోహిత్ మోచెయ్యి ఎత్తే తీరు చూశాను. అదే మోచెయ్యి. వాళ్ళింట్లో ఆస్తిలా పంచుకున్నట్టున్నారు.

15 ఫిబ్రవరి

రోహిత్, శ్రీజ మాట్లాడుకోవడం లేదు. టీమ్‌లో ఉన్నదే ఏడుగురు.

11 మార్చి, ఆదివారం

కోచ్‌నయ్యాను. నేనడగలేదు. ఎలాగూ కుర్చీలో కూర్చుని అందరినీ తిడుతూనే ఉన్నారు కదా నాన్నా, ఆ విజిల్ కూడా మీరే ఊదండి అంది నిరుపమ. నా కూతురికి తల్లి నోరే వచ్చింది.

పాపకూర లైబ్రరీలో ఈ ఆట మీద ఉన్న పుస్తకాలన్నీ పూర్తిచేశాను. రోమన్ సామ్రాజ్యం ఎలా పతనమైందో చదివినవాడికి ఈ టీమ్ అర్థం కావడం కష్టం కాదు.

లీగ్ వాళ్ళు ఈమెయిల్ పంపారట. నెట్‌బాల్ వాళ్ళకి గురువారం ఒక గంట కావాలట. ఈ సీజన్లో అట్టడుగున మిగిలిన టీమ్‌ని తీసేసి ఆ గంట వాళ్ళకి ఇస్తారట. సాయినాథ్ మొహం పాలిపోయింది. ఈ ఊళ్ళో అతనికి మనుషులు దొరికింది ఆ కోర్టులోనే. నాకు కూడా గురువారం కాక వారంలో ఉన్నవి గది వెచ్చబెట్టే హీట్ పంప్ చప్పుడూ, టీవీలో రగ్బీనూ. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

3 మే, గురువారం

మొదటి మ్యాచ్. ఓడిపోయాం. రోహిత్‌ని సగం ఆట బెంచీ మీద కూర్చోబెట్టాను. ఎందుకు అంకుల్ అని అడిగాడు. మీ తాతని అడుగు అన్నాను. వాడికి అర్థం కాలేదు. నాకు మాత్రం చాలా హాయిగా ఉంది.

17 మే, గురువారం

మళ్ళీ ఓడిపోయాం. కానీ ఇవాళ నాకు జబ్బు దొరికింది.

మనవాళ్ళు బంతిని వయసుని బట్టి వేస్తారు. అవును. పెళ్ళి భోజనాల్లో ముందు పెద్దవాళ్ళకి విస్తరేసినట్టు. టీమ్‌లో ఇంకో కుర్రాడు బన్నీకి బంతి అందగానే, పాపం ఎంతో మర్యాదస్తుడు, అన్నయ్యా అంటూ సాయినాథ్ కోసం వెతుకుతాడు. సాయినాథ్ వెనక ఇద్దరు కాపలా ఉన్నా సరే ఆయనకే వేస్తాడు. పెద్దాయన్ని దాటి ఇంకొకరికి ఎలా ఇవ్వడమని. సాయినాథ్ బంతి పట్టుకుని నా వైపు చూస్తాడు. ఆయన కంటే పెద్దవాణ్ణి నేనేగా. కుర్చీలో ఉన్న మామగారికి పాస్ చెయ్యడానికి రూల్స్ ఒప్పుకోవు కనుక బుట్ట వైపు విసిరేస్తాడు. అది బుట్టకి తగలదు.

అవతలి టీమ్, పెయింట్ షాపు వాళ్ళకి ఈ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోయింది. నాకు మూడు మ్యాచ్‌లు పట్టింది.

శ్రీజ అందరికంటే చిన్నది. ఎవడూ అడ్డం లేకుండా బుట్ట కింద చేతులెత్తి నిలబడే ఉంది ఆట పొడుగునా. ఒక్కడూ వెయ్యలేదు. ఆ నిలబడడం నాకు తెలుసు.

18 మే, శుక్రవారం, ఉదయం 6

అల్లుణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాలి. ఎలా? పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన్ని నేను నువ్వు అనలేదు. పండక్కి కొత్త బట్టలు పెట్టి కూర్చోబెట్టే మనిషిని, నీకు ఆట రాదు, లేవకు అని ఎలా చెప్పడం?

అదే రోజు, రాత్రి భోజనాల తర్వాత

చెప్పాను. ఏవండీ, మీరు కాస్త విశ్రాంతి తీసుకుంటే అన్నాను. ఎంతసేపు మామయ్యగారూ అన్నాడు. సీజన్ అయ్యేవరకు అన్నాను. నిరుపమ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వింది. సాయినాథ్ పెరుగన్నం కలుపుకున్నాడు. తర్వాత, నాకూ అదే అనిపిస్తోందండి, కానీ నన్ను తియ్యమని నేనెవరికి చెప్పను, అందరూ అన్నయ్యా అంటారు అన్నాడు. మంచివాడు. ఆట రాదు.

20 మే, ఆదివారం

కొత్త నియమాలు. ఒకటి, కోర్టులో గారు లేదు, అన్నయ్య లేదు, అంకుల్ లేదు. అందరూ అందరికీ ఒరేయ్. శ్రీజకి కూడా ఒరేయే. రెండు, బంతి ముందు శ్రీజ చేతికి వెళ్ళాలి. ఆ పిల్ల ముట్టుకోకుండా ఎవరూ బుట్టకి వెయ్యకూడదు. మూడు, అల్లుడుగారు ఎవరైనా అలిసిపోతేనే దిగుతారు.

బన్నీ సాయినాథ్‌ని ఒరేయ్ అనడానికి మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. చివరికి ఒరేయండీ అన్నాడు.

రోహిత్‌కి రెండో నియమం నచ్చలేదు. చిన్నపిల్ల చేతికి ఇచ్చి అడుక్కోవాలా అంకుల్, నేను ఇంజనీరింగ్‌లో కాలేజీ కెప్టెన్ని అన్నాడు. శ్రీజ, మరి కాలేజీకే వెళ్ళు ఒరేయ్ అంది. ఆ పిల్లకి నియమాలు త్వరగా పట్టుబడతాయి. రోహిత్ బ్యాగు భుజాన వేసుకుని ట్రైన్ స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

పోనీ.

14 జూన్, గురువారం

ఏడో మ్యాచ్. ఓడాం, కానీ రెండు పాయింట్ల తేడాతో. బంతి తిరుగుతోంది. టెవిటాకి ఒరేయ్ అన్న మాట ఎంత నచ్చిందంటే రిఫరీని కూడా అన్నాడు. రిఫరీ థాంక్స్ చెప్పాడు.

దూరం నుంచి వేసేవాడు ఒక్కడుంటే ఇవాళ గెలిచేవాళ్ళం. ఎవడు లేడో రాయను.

16 జూన్, శనివారం

రాస్తాను. ట్రైనెక్కి సిటీ స్టేషన్ బ్రిటోమార్ట్‌లో దిగి, కొండెక్కి, రోహిత్ ఉండే ఫ్లాట్‌కి వెళ్ళాను. అగ్గిపెట్టెలాంటి గది. నలుగురు కుర్రాళ్ళు, ఒక రైస్ కుక్కర్. నన్ను చూసి నలుగురూ లేచి నిలబడ్డారు. కింద ఫుడ్‌కోర్టులో నాకు నూడుల్స్ కొనిపెట్టి, రమ్మనడానికే వచ్చారా అంకుల్ అన్నాడు. కాదు, తిట్టడానికి వచ్చానని చెప్పి, వాల్తేరు కథ మొత్తం చెప్పాను. సామర్లకోట ఇడ్లీతో సహా.

వాడు విని, తాతయ్య వేరేలా చెప్తారండి, మీ చుట్టూ ముగ్గురున్నారట, ధైర్యంగా తనే వేశారట అన్నాడు. నూడుల్స్ పక్కకి నెట్టాను. ఫోన్ చెయ్యి అన్నాను. కాలింగ్ కార్డు గీకి, నెంబర్లన్నీ నొక్కి, స్పీకర్లో పెట్టాడు.

గొంతు మారలేదు. ఏరా ఈశ్వరా, బతికే ఉన్నావా అన్నాడు జనార్ధనరావు. ఎంతమంది ఉన్నార్రా నా చుట్టూ అన్నాను.  ఎవరూ లేర్రా, ఖాళీగానే ఉన్నావు, చూశాను, కానీ నేనేస్తే పడుతుందనిపించింది అన్నాడు. అంతే. సంజాయిషీ లేదు, బాధ లేదు. ఎండగా ఉందనిపించింది అన్నట్టు చెప్పాడు. సెప్టెంబర్లో మనవణ్ణి చూడ్డానికి వస్తున్నాను, అప్పుడు ఇస్తాలే నీ బంతి, ఒట్టు అన్నాడు.

రోహిత్ ఫోన్ పెట్టేసి స్ట్రా నమిలాడు. నాకూ ప్రతిసారీ అలాగే అనిపిస్తుందండి, నేనేస్తే పడుతుందని అన్నాడు. ఎన్ని పడతాయి అని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు మాత్రం వాళ్ళ తాతది కాదు.

21 జూన్, గురువారం

రోహిత్ వచ్చాడు. శ్రీజ వాణ్ణి చూసి, వెల్కమ్ బ్యాక్ ఒరేయ్ అంది. ఓడలేదు, గెలిచాం. రాసినది మళ్ళీ చదువుకున్నాను. గెలిచాం.

19 జూలై

వాన. హాలు పైకప్పు కారింది. మోకాళ్ళు నొప్పి. ఓడాం. అయినా ఇంటికొచ్చాక నిరుపమ పెసరట్లు వేసింది, అందరూ వంటింట్లో నిలబడే తిన్నారు, రోహిత్ మొదటి అట్టు శ్రీజ చేతికిచ్చాడు. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

9 ఆగస్టు, గురువారం

ఆఖరి మ్యాచ్. మళ్ళీ పెయింట్ షాపు వాళ్ళతోనే. వాళ్ళకీ మాకూ పాయింట్లు సమానం. ఓడినవాళ్ళు అట్టడుగు. ఓడితే గురువారాలు లేవు.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనక. నేను కల్పించి రాయడం లేదు. జీవితానికి ఊహాశక్తి తక్కువ, ఉన్న కథనే మళ్ళీ మళ్ళీ చెబుతుంది. బంతి శ్రీజ చేతిలోంచి రోహిత్‌కి వచ్చింది. శ్రీజ పరుగున బుట్ట కిందికి వెళ్ళింది. ఒక్కతే. చేతులెత్తింది. వాడు దూరంగా ఉన్నాడు. మోచెయ్యి లేచింది. ఆ మోచెయ్యి.

నేనెప్పుడు కుర్చీలోంచి లేచానో తెలియదు. రెండు చేతులూ పైకెత్తి ఉన్నానని తర్వాత సాయినాథ్ చెప్పాడు. రోహిత్ నన్ను చూశాడు, శ్రీజని చూశాడు. ఒరేయ్ అని అరిచి ఆ పిల్లకి వేశాడు. ఆ పిల్ల రెండు చేతులా అందుకుని, తొందర లేకుండా, పాలగిన్నె అలమరలో పెట్టినట్టు బుట్టలో పెట్టింది.

టెవిటా నన్ను ఎత్తుకున్నాడు. అరవైఆరేళ్ళ వయసులో నన్నొకడు చంటిపిల్లాణ్ణిలా ఎత్తి తిప్పాడు, నేను దించమని అడగలేదు. బెంచీ దగ్గరి నుంచి నా అల్లుడు, పన్నెండు వారాలుగా చెప్పిన మాట విని కూర్చున్న మనిషి, ఒరేయ్ మామయ్యగారూ గెలిచాం అని కేక పెట్టాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. నిరుపమ ఇంటికెళ్ళేదాకా కారులో నవ్వుతూనే ఉంది.

వచ్చే ఏడాది గురువారాలు ఉన్నాయి. బన్నీకి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చేలా ఉందట. చూద్దాం. అతణ్ణి ఎలా ఆపాలో కొన్ని ఆలోచనలున్నాయి.

23 సెప్టెంబర్, ఆదివారం

జనార్ధనరావు వచ్చాడు. బట్టతల, కొత్త బూట్లు. స్కూల్ వెనక కోర్టులో అందరూ చూస్తుండగా రోహిత్ తాత చేతికి బంతి ఇచ్చాడు. ఇదుగోరా నీ బాకీ అన్నాడు జనార్ధనరావు. నేను బుట్ట కిందికి వెళ్ళి చేతులెత్తాను. ఎదురుగా ఒక్కడు లేడు. అతను నన్ను చూశాడు. బుట్టని చూశాడు.

వేశాడు. పడలేదు.

అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ నేను. అయినా రాసిపెడుతున్నాను. తప్పు ఎవరిదంటే, అప్పుడూ ఇప్పుడూ, జనార్ధనరావుది.