పట్టని ముల్లు

మంగళవారం, రాత్రి

రికార్డు ప్లేయర్‌కు కొత్త ముల్లు ఇయ్యాల వచ్చింది. పట్టలేదు. ముల్లు కొనేటప్పుడు దాన్ని తగిలించే కార్ట్రిడ్జి నంబరు చెప్పాలంట. నేను ప్లేయర్ మీదున్న కంపెనీ పేరు చెప్పిన. ఎద్దును చూడకుండ కాడి తెచ్చినట్టయింది.

పాత ముల్లు అరిగిపోయినంక దోస్తు మల్లేశం రావుడు బందయింది. అంతకుముందు రోజూ సాయంత్రం వచ్చెటోడు. విమానం పోతుంటే ముల్లు లేపి, చప్పుడు ఆగినంక మల్ల పెడుతుంటిమి. శంషాబాద్‌ల పాట వినుడంటే గట్లనే. ఆ సందుల ముచ్చట్లే ఎక్కువైతుండె.

ఇందాక ఫోన్ చేసిండు.

"ముల్లు వచ్చిందా అన్నా?"

"వచ్చింది."

"మంచిగ పాడుతుందా?"

"నువ్వే వచ్చి విను."

"సరే, రేపొస్త."

అబద్ధమైతే ఒక్కటి గూడ చెప్పలేదు. రేపు వచ్చినంక, పాట లేదని తెలిస్తే కూసుంటడో, చెప్పులేసుకుంటడో...