పొడి 98

మార్చి 4

లాంథనం, మాంగనీస్ కలిపిన జిగురును ఫర్నేస్‌లో ఏడువందల డిగ్రీల దగ్గర ఐదు గంటలు కాల్చాను. నల్లటి పొడి దిగింది. పెరోవ్‌స్కైట్ అనే ఉత్ప్రేరకం. దీని మీదుగా పోయే కార్బన్ మోనాక్సైడ్ మంట లేకుండానే కాలిపోవాలి. మీథేన్‌కైతే ఐదువందల డిగ్రీలు దాటాలి. ఈ విషవాయువుకు నూట ఎనభై చాలు.

గ్యాస్‌ను తడిపే నీళ్ల సీసా పగిలింది. తడి లేని గ్యాస్‌తోనే టెస్ట్ చేశాను. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు కాలింది. రిజిస్టర్‌లో ‘పొడి 98’ అని రాశాను. తడి టెస్ట్ కొత్త సీసా వచ్చాక.

మార్చి 11

బావ ఫోన్. వాళ్ల గనిలో పొగ కమ్మితే ఎనిమిది మంది దాక్కునే గది ఒకటుంది. అందులో విషవాయువును కాల్చేందుకు మా పొడి పోసిన హీటర్ పెట్టె బిగించారట. మరదలా, మీరు పంపింది మందా, ముక్కుపొడా అని ఒకటే నవ్వు. దాని ముందు కూర్చుని తుమ్మి చూశాడట. ఈ మనిషికి అన్నీ వేళాకోళాలే అని వెనకనుంచి అక్క తిట్టు.

సీసా రాకుండానే పెట్టె ఎలా వెళ్లింది?

మార్చి 12

గనికి పంపిన రిపోర్ట్ చూశాను. మా ల్యాబ్ హెడ్ సార్ నా ‘పొడి’ని పౌడర్ అనుకున్నారు. ‘పౌడర్: 98 శాతం’ అని టైపు చేయించారు. తడి లేని గ్యాస్ అన్న మాటే లేదు.

వెళ్లి చెప్పాను. మూసిన గదిలో ఎనిమిది మంది ఊపిరి వదిలితే అదే తడి సార్, అప్పుడిది పనిచేయకపోవచ్చు అన్నాను. అలా రాస్తే ఎలాగమ్మా, పొడి అంటే ఎవరైనా ఏమనుకుంటారు అన్నారు. పెట్టె వెనక్కి తెప్పిస్తే పరువు పోతుందట. సీసా రానీ, చూద్దాం అన్నారు.

మార్చి 13

బావకు చెప్పాలి. రింగ్ అవుతుండగానే పెట్టేశాను. రాత నాదే కదా.

మార్చి 20, ఉదయం 10

గనిలో మంటలు. బావతో కలిపి ఎనిమిది మంది ఆ గదిలోకి వెళ్లారట. నీ పెట్టె ఉందిగా, నీ పెట్టె ఉందిగా అని అక్క ఫోన్‌లో అదే మాట. ఉంది అన్నాను.

సాయంత్రం 6

తలుపు తీశారు. ఎవరూ లేవలేదు.

మార్చి 27

సీసా వచ్చింది. తడి 36.

సార్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నీ మాటకు రెండర్థాలు ఉండటమే మంచిదైందమ్మా అన్నారు. పౌడర్ అంటే పొరపాటుతో పోతుందట. తడి లేనిది అంటే, తెలిసీ పంపినట్టట.

ఏప్రిల్ 2

గని ప్రమాదం మీద వేసిన విచారణ కమిటీ వాళ్లు రిజిస్టర్ తెరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, దీని అర్థమేంటని అడిగారు. అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

పౌడర్ అన్నాను.