సిగ్నలు లేని వారంలో కప్పిన ఓణీ

ఓడ మీద నుంచి,
ట్రోమ్సో రేవు దాటాక

తాడేపల్లిగూడెంలో ఉన్న విజయక్కగారికి, ప్రభువు పేరిట చెల్లెలు కరుణ వందనాలు చెప్పి రాస్తున్నది. మీరూ బావగారూ క్షేమంగా ఉన్నారని వీడియోలో చూశాను. మీ మెడలో కొత్త హారం, బావగారి భుజం మీద పట్టు కండువా చూశాక ఆరోగ్యాలకి ఏ లోటూ లేదని తెలిసింది. అందుకని ప్రత్యేకంగా అడగటం లేదు. నేనూ బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. పెట్టుకున్నట్టు కూడా కనపడలేదు.

మీరు, గారు అంటున్నానేమిటా అనుకుంటున్నారేమో. మనవైపు పరాయివాళ్ళని అలాగే కదా పిలుస్తాం. కానీ నాకు చేతకావటం లేదు, పుట్టినప్పటి నుంచీ నువ్వు అన్న నోరు. నువ్వు అనే రాస్తాను. అంతమాత్రాన కోపం తగ్గిందనుకోకు.

ఫోనులో మాట్లాడదామంటే నేను నోరెత్తగానే కుక్కరు విజిలేస్తోందని పెట్టేస్తున్నావు. మీ ఇంట్లో కుక్కరు రోజంతా పొయ్యి మీదే ఉంటుందా? అందుకే కాగితం తీశాను. దీన్ని మధ్యలో కట్ చెయ్యటానికి కుదరదు. చింపేస్తావేమో. చింపినా మొదట ఏం రాశానో చూసే చింపుతావు, నాకు తెలుసు నీ సంగతి.

ఇక్కడి విషయాలు కూడా రాయాలి, లేకపోతే ఉత్తరం నిండా తిట్లేనా అని బావగారు అంటారు. ఓడ నార్వే అంచు పట్టుకుని ఉత్తరానికి పోతోంది. ఎండాకాలం అంటున్నారు, మన డిసెంబరు తెల్లవారుజాము ఇంతకన్నా నయం. సముద్రం కొండల మధ్యకి సన్నగా, చాలా దూరం లోపలికి చొచ్చుకుపోతుంది. ఫియోర్డ్ అంటారు. రెండు వైపులా నిట్టనిలువు కొండలు, వాటి నెత్తిన మంచు. అంత ఓడా ఆ సందులోంచి నెమ్మదిగా పోతుంటే గెస్టులు దుప్పట్లు కప్పుకుని పైన నిలబడి అబ్బా, అబ్బా అంటుంటారు. నేను దుప్పట్ల మూట మోసుకుపోతూ వరండా చివర గుండ్రటి కిటికీలోంచి చూస్తాను. నాకేం ముచ్చటగా లేదు. కొల్లేట్లో పడవ దిగితే మోకాలి దాకానో నడుం దాకానో నీళ్ళు, కింద బురద తెలుస్తుంది. ఈ నల్లటి నీళ్ళకి అడుగే లేదంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పైగా ఇక్కడ సూర్యుడు మునగడు. పడుకోబోయేటప్పుడూ ఎండే, లేచినా ఎండే. గెస్టులు నిద్ర పట్టటం లేదని నన్ను పిలిచి అడుగుతారు, అదేదో నేను ఆర్పటం మరిచిపోయినట్టు. తెరలకి సందు లేకుండా క్లిప్పులు పెట్టి వస్తాను. మా గది మాత్రం నీటి మట్టానికి కింద, కిటికీ లేదు. నాతో ఉండే మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి మంచిదే. అన్నం పెడతారు, అది అన్నమని వాళ్ళంటారు. చేపల్ని ఉడకబెట్టి మీద వెన్న వేసి ఇస్తారు. పులుసు పెడితే వీళ్ళకి ఏం పోయిందో తెలియదు. ఆవకాయ అయిపోయింది. పంపొద్దు. నీ చేతి పచ్చడి ఇప్పుడు నా గొంతు దిగదు.

గదులు సర్దాక తువ్వాళ్ళని మడిచి బొమ్మలు చేసి మంచం మీద పెట్టాలి. అందరూ హంసలు చేస్తారు. నేను ముక్కు కిందికి సంచిలా లాగి గూడబాతుని చేస్తాను. ఒక ముసలావిడ ఇదేం పక్షి అంటే మా ఊళ్ళ దగ్గర సరస్సులో ఉంటుందని చెప్పాను. ఆవిడకి చాలా నచ్చింది. నాకు ఎవరైనా ఊరి సంగతి అడిగితే చాలు, చెప్పేస్తాను. ఆ ఊరే నన్ను కాదనుకుందని అప్పటికి నాకు తెలియదు.

సరే, అసలు మాటకి వస్తాను.

నా షారోను పెద్దమనిషయ్యిందని మార్చిలో నువ్వే ఫోను చేశావు. ఏడ్చాను. ఆ రోజే నీతో అన్నాను, సెప్టెంబరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది, ఓణీల ఫంక్షను అప్పటిదాకా ఆపండి, దానికి ఓణీ నా చేత్తో కప్పాలి అని. మేనమామ తెచ్చిన ఓణీ తల్లి కప్పటం మనింట్లో ఆచారం. నీకూ నాకూ అమ్మే కప్పింది. నాకు కప్పేటప్పుడు భుజం మీద పిన్ను గుచ్చింది, ఆ మాట కూడా నీకు చెప్పి నవ్వాను. నువ్వు సరే అన్నావు. అలాగే లేవే, నువ్వు లేకుండా ఎలా చేస్తాం అన్నావు.

ఫియోర్డుల్లోకి వెళ్ళే ముందు, ఈ వారమంతా కొండల మధ్య సిగ్నలు ఉండదు, ఫోను కలవకపోతే కంగారు పడొద్దు అని కూడా నీకే చెప్పాను. సరిగ్గా ఆ వారమే పెట్టావు ఫంక్షను.

ట్రోమ్సో రేవులో అందరి ఫోన్లూ ఒకేసారి మోగటం మొదలెట్టాయి. నా ఫోనుకి తమ్ముడి భార్య వీడియో పంపింది. పాపం, నాకు తెలుసనే అనుకుంది. రేవు గట్టు మీద నిలబడి చూశాను. ఆ పక్కనే కర్రల పందిళ్ళకి చేపల్ని కట్టి ఎండబెట్టారు. గెస్టులు ముక్కులు మూసుకుని పోతున్నారు. మన ఆకివీడు సంతలో ఎండుచేపల వరస దగ్గరికి వచ్చినట్టుంది నాకు. ఆ వాసన పీలుస్తూ నా కూతురి ఓణీల ఫంక్షను ఫోనులో చూశాను అక్కా, శత్రువుక్కూడా వద్దు ఆ గతి.

హాలు ముందు ఎంత ఫ్లెక్సీ! షారోను నిలువెత్తు ఫోటో, పక్కన నువ్వూ బావగారూ చేతులు జోడించి. కింద గుండ్రాల్లో తమ్ముడు దానియేలు, పాస్టరు గారు, వార్డు నాయకుడు, బావగారి రైసుమిల్లు ఓనరు, ఆయన కొడుకు. వాళ్ళింటి కుక్క ఒక్కటే తక్కువ. నేను ఎక్కడున్నానా అని వేళ్ళతో పెద్దది చేసి చూశాను, మూలమూలా చూశాను. లేను. పేరు కూడా లేదు. తర్వాత దానియేలు ఓణీ అందించటం, నువ్వు కప్పటం, పైనుంచి పూలరేకులు పడటం. నీ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చూశాను.

ఫోను చేస్తే నువ్వు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఆషాఢం వచ్చేస్తోందే కరుణా. ఎవరో ఒకరు తల్లి స్థానంలో కూర్చోవాలి కదా."

పాస్టరు గారితో ప్రార్థన చేయించిన ఫంక్షనుకి ఆషాఢం ఏమిటక్కా? బావగారు కొత్త బండి కొన్నప్పుడు అమావాస్య అన్నవాళ్ళని, మనకి అలాంటివి లేవని కసిరినదానివి నువ్వే కదా? నా కూతురి దగ్గరికి వచ్చేసరికి నీకు పంచాంగం గుర్తొచ్చింది. ఎవరో ఒకరు అట. తల్లి బతికే ఉంది, సముద్రం మీద ఎవరివో పక్క దుప్పట్లు దులుపుతోంది.

వాళ్ళ నాన్న పోయాక దాన్ని నీ దగ్గర ఉంచింది నేనే. కాదనను. జ్వరం వస్తే నువ్వే చూశావు, బడికి నువ్వే తీసుకెళ్ళావు. దానికి రెండు చేతులెత్తి దండం పెడతాను. కానీ చూసుకోమని ఇచ్చాను గానీ ఇచ్చెయ్యలేదు. నీకు పిల్లలు లేరన్న మాట ఈ జన్మలో నా నోట రాకూడదనుకున్నాను. రప్పించావు. నీ ఇల్లు చల్లగా ఉండాలని ఇన్నేళ్ళూ ప్రార్థన చేసిన నోటితోనే అంటున్నాను, నువ్వు చేసింది దొంగతనం.

ఇక్కడిదాకా మొన్న రాశాను. చెయ్యి నొప్పెట్టి ఆపాను.

ఈరోజు ఓడ ఇంకా పైకి వచ్చి ఒక చిన్న రేవులో ఆగింది. చెట్టన్నది లేదు, రాయీ గాలీ. గెస్టులు భూమి అంచు చూడటానికి బస్సులెక్కి వెళ్ళారు. నేను షారోనుకి ఫోను చేశాను. నీ ఫోనుకి కాదు, దానియేలు ఇంటికి వెళ్ళిందని తెలిసి వాళ్ళ ఫోనుకి చేశాను. నిన్ను తిట్టటానికే మొదలెట్టాను. మీ పెద్దమ్మ ఎంత పని చేసిందో చూశావా అన్నాను. అది మెల్లగా చెప్పింది.

"పెద్దమ్మని ఏమనొద్దు. ఫంక్షను ఇప్పుడే చెయ్యమని నేనే అడిగాను. పోయిన క్రిస్మస్‌కి కూడా వస్తానన్నావు కదా."

నేను, మరి ఫ్లెక్సీలో నా ఫోటో అన్నాను.

"అదీ నేనే వద్దన్నాను. ఉంటే అందరూ మీ అమ్మ ఏదీ అంటారు. లేకపోతే ఎవరూ అడగరు."

అంత సేపు మాట్లాడి ఒక్కసారి కూడా నన్ను ఏ పిలుపుతోనూ పిలవలేదు. ఇది నేను తర్వాత గమనించాను, మళ్ళీ గదులు సర్దుతున్నప్పుడు.

ఇప్పుడు నీ మీద కోపం పోయిందనుకుంటున్నావేమో. పోలేదు, రెట్టింపయ్యింది. పిల్ల అన్న మాట నాకు చెప్పకుండా ఆషాఢం సాకు చెప్పి నా చేత ఇన్ని తిట్లు తిన్నావు. నన్ను కాపాడటానికా? నన్ను కాపాడమని ఎవరు అడిగారు నిన్ను? ఆ మాట ఆ రోజే చెప్పుంటే ఆ రోజే దిగేదాన్ని. నువ్వు దాచావు, దాని మనసులో నేను ఎంత దూరం పోయానో నాకు తెలియకుండా ఉండిపోయింది. దీనికే నేను నిన్ను క్షమించలేను. పైన రాసింది చింపను కూడా. దొంగతనం అన్న మాట ఒక్కటి కొట్టెయ్యాలనుకున్నాను, కొట్టేస్తే ఇంకా బాగా కనపడుతుందని వదిలేశాను.

ఈ ట్రిప్పుతో దిగిపోతానని సూపర్‌వైజరుతో చెప్పాను. కాంట్రాక్టు మధ్యలో దిగినవాళ్ళని మళ్ళీ పిలవరట. పిలవకపోతే పోనీ. గూడెంలో ఏ హోటల్లోనైనా పక్కలు వేస్తాను, ఏ హాస్టల్లోనైనా వండుతాను. మీ ఇంటి దగ్గరలోనే ఒక గది చూసి పెట్టు. మీ ఇంట్లో మాత్రం ఉండను. షారోనుని ఒక్కసారిగా లాక్కుపోను, భయపడకు. అది ఎక్కడ పడుకుంటానంటే అక్కడే పడుకుంటుంది. ఇలా రాయటానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలి.

బావగారికి నమస్కారాలు. ఆయన మీద నాకేం లేదు, నువ్వు కూర్చోమన్న చోట కూర్చున్నారు. ఉంగుటూరు మేనత్తకి నా వందనాలు, మోకాళ్ళకి ఆ నూనె మానొద్దని చెప్పు. పాస్టరు గారిని నా ప్రయాణం కోసం ప్రార్థన చెయ్యమను. నువ్వు పెద్దదానివి, నీ దీవెన అడగాలి. అడుగుతున్నాను, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

గూడెం స్టేషనుకి మీరెవరూ కారేసుకుని రావొద్దు. షారోనుని పంపించు, వస్తానంటేనే. ప్లాట్‌ఫాం మీద నన్ను చూడగానే అమ్మా అని పిలవమని మాత్రం దానికి నేర్పకు. పిలవాలనిపిస్తే అదే పిలుస్తుంది.

నీ కోపిష్టి చెల్లెలు,
కరుణ