యూసుఫ్ భాయ్ తెచ్చిన పంపు

వనపర్తి, 1992 ఏప్రిల్, ఆదివారం రాత్రి

ఈ ముసలి కారును వదలలేకపోవడం ప్రేమా, మొండితనమా? ఏళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను.

ఇవాళ బిజినేపల్లి దాటగానే మళ్ళీ ఆగిపోయింది. బానెట్ ఎత్తి, ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు వేడికి కాలిపోతుంటే దాని మీద ఎప్పటిలాగే తడిగుడ్డ కప్పి చూశాను. లాభం లేకపోయింది. కిరాణా దుకాణం నుంచి ఫోన్ చేస్తే యూసుఫ్ భాయ్ బస్సెక్కి వచ్చారు. ఆయనకూ ఇలాంటి కారే ఉంది. ఈ చుట్టుపక్కల ఈ పిచ్చి మా ఇద్దరికే. సంచిలోంచి పంపు తీసి బిగించారు. బండి వెంటనే లేచింది.

"ఎక్కడ దొరికింది భాయ్? హైదరాబాద్‌లోనే లేదన్నారు కదా?"

"నా బండిదే అక్కా. జర రేస్ పెంచు, సప్పుడు ఇందాం."

ఆయన బస్సులో ఎందుకు వచ్చారో అప్పుడు తెలిసింది.

"మరి మీ కారు?"

"పండుకుంటది. ఇగ మా ఆమె దాని మీద మిరపకాయలు ఎండబోసుకుంటది. రెండిట్ల ఒక్కటన్న తిరగాలె గదా!"

నవ్వారు గానీ, నా ఇంజన్ చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

రేపు ఇంకేదైనా పాడైతే అదీ విప్పి తెస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు, ఊరుకుంటే ఆయన కారు ఇక లేవదు. పంపు తిరిగి ఇచ్చేయాలో, ఉంచుకోవాలో నేను తేల్చుకోలేకపోతున్నాను.